మైక్రోగ్లియాలో ఎన్‌ఎఫ్-కప్పాబీ, ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 సంకేతాలు కొలవడం: సున్నా నిమిషం లేన్ దగ్గర మొదలుపెట్టండి

వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను జెల్‌లో విడదీసి యాంటీబాడీతో చూసే పద్ధతి) ఎల్‌పీఎస్, అంటే బ్యాక్టీరియా పొరలోని ఎండోటాక్సిన్, పోసిన 15వ నిమిషం లేన్‌లో బ్యాండ్ ఎంత నల్లగా వచ్చిందో చూసి సంబరపడటం మామూలే. ముందు చూడాల్సింది దాని పక్కన, ఎల్‌పీఎస్ పోయని సున్నా నిమిషం లేన్‌ని. మైక్రోగ్లియా మెదడుకు కాపలా కణాలు. బయటి ప్రోటీన్ తగిలినా, ఫ్లాస్క్‌ని గట్టిగా కదిపినా, మీడియం మార్చినా రేగుతాయి. ప్లేట్‌లోకి దిగేసరికే సగం రేగి ఉన్న కణాలకు ఎల్‌పీఎస్ పోస్తే తేడా ఎక్కడ కనిపిస్తుంది? అందుకే ఈ పనిలో సగం శ్రమ ఎల్‌పీఎస్ ముట్టుకోకముందే అయిపోవాలి.

పేరు గురించి ఒక మాట. మన పత్రికల్లో మెదడువాపు అంటే ఎన్‌సెఫలైటిస్ జబ్బు. ఇక్కడ మాట్లాడేది న్యూరోఇన్‌ఫ్లమేషన్, అంటే అల్జీమర్స్‌లో, పార్కిన్సన్స్‌లో, పక్షవాతం తర్వాత మెదడులోని రోగనిరోధక కణాలు రేగి ఉండే స్థితి. థీసిస్‌కి తెలుగు సారాంశం రాసేటప్పుడు రెండింటికీ ఒకే మాట వాడితే చదివేవాళ్లు తికమకపడతారు.

ఏ నిమిషంలో ఏం జరుగుతుంది

ఎల్‌పీఎస్‌ని మొదట సీరంలోని ఎల్‌బీపీ అనే ప్రోటీన్ పట్టుకుని కణం పొర మీది సీడీ14కి అందిస్తుంది. అక్కడి నుంచి అది ఎల్‌పీఎస్ గ్రాహకమైన టీఎల్‌ఆర్4, ఎండీ-2 జంటకు చేరుతుంది. లోపలివైపు మైడీ88, ఐరాక్4, ట్రాఫ్6, టాక్1 అనే ప్రోటీన్లు వరసగా పని అందుకుని చివరికి ఐకేకే బీటా అనే ఎంజైముని లేపుతాయి. ఐకేకే పోయి ఐకప్పాబీ ఆల్ఫా మీద 32, 36 సెరీన్ల దగ్గర ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ గుర్తు పడ్డ ఐకప్పాబీని ప్రోటియాసోమ్ నమిలేస్తుంది. అప్పటిదాకా దాని చేతిలో బందీగా ఉన్న పీ65 (జన్యువుల్ని నడిపే ఎన్‌ఎఫ్-కప్పాబీలో ఒక భాగం) కేంద్రకంలోకి వెళుతుంది. ఇదంతా 15 నుంచి 30 నిమిషాల పని. పీ38, జేఎన్‌కే, ఈఆర్‌కే అనే ఇతర సంకేత ఎంజైములు కూడా దాదాపు అదే వేగంతో ఫాస్ఫేట్ ఎక్కించుకుంటాయి.

చాలామందిని దెబ్బకొట్టేది తర్వాతి అంకం. ఐకప్పాబీ ఆల్ఫా జన్యువు కూడా ఎన్‌ఎఫ్-కప్పాబీ ఆజ్ఞతో నడిచేదే. పీ65 కేంద్రకంలో అడుగుపెట్టగానే తనను కట్టిపడేసే తాడును తనే మళ్లీ పేనిస్తుంది. కాబట్టి 15వ నిమిషంలో మాయమైన బ్యాండ్ 60 నుంచి 90 నిమిషాల మధ్య తిరిగొస్తుంది. ఒక్క గంట దగ్గర మాత్రమే శాంపిల్ తీసినవాళ్లు కంట్రోల్‌కీ దీనికీ తేడా లేదని, ఎల్‌పీఎస్ పనిచేయలేదని రాసేస్తారు. నిజానికి అది పనిచేసి, సగం చల్లారి ఉంటుంది.

రెండో దారి మైడీ88ది కాదు, ట్రిఫ్ అనే మరో ప్రోటీన్‌ది. టీఎల్‌ఆర్4 ఎండోసోమ్‌లోకి దిగాకే అది మొదలవుతుంది కాబట్టి ఆలస్యం ఎక్కువ. జన్యువుల్ని నడిపే ఐఆర్‌ఎఫ్3 మీద ఫాస్ఫేట్ 60 నుంచి 90 నిమిషాలకు బాగా కనిపిస్తుంది. దాని వల్ల విడుదలైన ఇంటర్‌ఫెరాన్ బీటా తిరిగి అదే కణాలకు తగిలి, 2 నుంచి 4 గంటలకు స్టాట్1 అనే ప్రోటీన్ మీద 701వ టైరోసిన్‌కి ఫాస్ఫేట్ ఎక్కి వెలుగుతుంది. అంటే 4వ గంటలో మీరు చూసే స్టాట్1 ఎల్‌పీఎస్ చేసిన పని కాదు, ఎల్‌పీఎస్ చేయించిన పని. డిస్కషన్ రాసేటప్పుడు ఈ తేడా మరిచిపోతే రివ్యూయర్ గుర్తుచేస్తారు.

కణాలు

బీవీ2 అనే ఎలుక మైక్రోగ్లియా సెల్‌లైన్ కణాలు తేలిక, చవక, జంతు నైతిక సంఘం అనుమతి అక్కర్లేదు. మందు మోతాదు చూసుకోవడానికి, యాంటీబాడీ పనిచేస్తుందో లేదో పరీక్షించడానికి అవి చాలు. కానీ అవి 1990లో రెట్రోవైరస్ ఆంకోజీన్లతో అమరత్వం ఎక్కించిన కణాలు. అసలు మైక్రోగ్లియా గుర్తులైన టీఎమ్‌ఈఎమ్119, పీ2ఆర్‌వై12 వాటిలో బాగా తక్కువ. చివరి ఫిగర్ ప్రైమరీ కణాలతోనే, అంటే నేరుగా మెదడు నుంచి తీసినవాటితోనే ఉండాలి. రా 264.7 మాక్రోఫేజ్‌లతో ఇన్‌ఫ్లమసోమ్ (ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 చుట్టూ కూడే ప్రోటీన్ల గుంపు) ప్రయోగం మాత్రం చేయకండి. వాటిలో ఆ గుంపుకి కావాల్సిన ఏఎస్‌సీ ప్రోటీన్ లేదు, దాన్ని లేపే నైజెరిసిన్ ఎంత పోసినా కోసిన ఐఎల్-1 బీటా (రేగిన కణాలు విడుదల చేసే సైటోకైన్) రాదు.

ప్రైమరీ మైక్రోగ్లియాకి పుట్టిన రోజు నుంచి 3 రోజుల లోపు ఎలుక పిల్లలు కావాలి. స్ట్రెయిన్ పేరు చూసి తీసుకోండి. సీ3హెచ్/హెచ్‌ఈజే ఎలుకల్లో టీఎల్‌ఆర్4లో ఒక్క అమైనో ఆమ్లం మారి ఉంటుంది, 712వ ప్రోలీన్ బదులు హిస్టిడిన్. అవి శుద్ధమైన ఎల్‌పీఎస్‌కి చలించవు. 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం టీఎల్‌ఆర్4 గుట్టు విప్పింది ఈ ఎలుకలతోనే. నెగటివ్ కంట్రోల్‌గా బంగారం, తెలియక వాడితే నెల రోజుల పని నేలపాలు.

మెదడు తీశాక స్టీరియో మైక్రోస్కోప్ కింద సన్నటి ఫోర్సెప్స్‌తో మెనింజెస్ పూర్తిగా ఒలవండి. ఎర్రటి రక్తనాళాలు అల్లుకున్న పల్చటి పొర అది. ఒక అంచు దొరికితే చిక్కుడుకాయ ఈనె లాగినట్టు లాగొచ్చు. అది మిగిలితే ఫైబ్రోబ్లాస్ట్‌లు, పొరల్లో ఉండే మాక్రోఫేజ్‌లు కల్చర్‌లో చేరతాయి. కార్టెక్స్ ముక్కల్ని 0.05 శాతం ట్రిప్సిన్‌లో 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచి, సీరం ఉన్న మీడియంతో ఆపండి. పైపెట్ చేస్తుంటే జిగురు తీగలు సాగితే చచ్చిన కణాల డీఎన్‌ఏ బయటపడిందని అర్థం. డీఎన్‌ఏజ్ వేస్తే విడిపోతుంది, పీడించి పైపెట్ చేస్తే ఇంకా పాడవుతుంది. 70 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి, పాలీ-డీ-లైసిన్ పూసి 3 సార్లు నీటితో కడిగిన టీ75 ఫ్లాస్క్‌లో రెండు మెదళ్లకు ఒక ఫ్లాస్క్ చొప్పున వేయండి. మీడియం డీఎమ్‌ఈఎమ్/ఎఫ్12, 10 శాతం ఎఫ్‌బీఎస్, పెన్-స్ట్రెప్. మర్నాడు చెత్త కడిగి మీడియం మార్చండి.

వారానికి కింద ఆస్ట్రోసైట్ల చాప పరుచుకుంటుంది. 10 నుంచి 14 రోజులకు దాని మీద గుండ్రంగా, మెరుస్తూ, కొన్ని తేలుతూ కనిపించేవే మీకు కావాల్సినవి. 37 డిగ్రీల షేకర్‌లో 180 నుంచి 200 ఆర్‌పీఎమ్ దగ్గర 1 నుంచి 2 గంటలు తిప్పితే ఊడి వస్తాయి. ఇంకా ఎక్కువ తిప్పితే ఆలిగోడెండ్రోసైట్ తల్లికణాలు కూడా వెంటపడతాయి. ఫ్లాస్క్‌కి 5 నుంచి 10 లక్షలు వస్తే బాగా వచ్చినట్టే. 12 వెల్స్ ప్లేట్‌లో వెల్‌కి 3 లక్షలు వేస్తే, 6 సమయాల టైమ్ కోర్సుకి 18 లక్షలు, అంటే కనీసం 2 నుంచి 4 ఫ్లాస్కులు. లెక్క ముందే వేసుకోండి. కణాలు తక్కువ పడ్డాయని మొదటి కోతని, వారం తర్వాతి రెండో కోతని కలపడం ఎక్కువగా జరిగే తప్పు. ముదురు ఫ్లాస్క్‌ల కణాలు ఎక్కువ రేగి ఉంటాయి.

శుద్ధి ఎంతో మైక్రోగ్లియా గుర్తు ప్రోటీన్ ఐబా1తో లెక్కించండి, 95 శాతం దాటాలి. ప్లేట్ చేశాక కనీసం 24 గంటలు వాటి మానాన వదిలేయండి.

కనిపించని ఎల్‌పీఎస్

సున్నా లేన్‌లోనే 31 కిలోడాల్టన్ల దగ్గర ప్రో-ఐఎల్-1 బీటా (ఇంకా కోయని రూపం) కనిపిస్తే కణాల్ని తప్పుపట్టకండి. మీ మీడియంలో, ట్రిప్సిన్‌లో, పీబీఎస్‌లో, ఎఫ్‌బీఎస్‌లో ఎక్కడో ఎండోటాక్సిన్ ఉంది. మైక్రోగ్లియా మిల్లీలీటరుకి నానోగ్రాము లోపు ఎల్‌పీఎస్‌కే కదులుతాయి. ఆటోక్లేవ్ చేశాం కదా అంటారు. 121 డిగ్రీలకు బ్యాక్టీరియా చస్తుంది, దాని ఎల్‌పీఎస్ చావదు. గాజు సామానుకి 250 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు పొడి వేడి పట్టాలి. ల్యాబ్‌లో నెలల తరబడి వాడుతున్న పెద్ద పీబీఎస్ సీసా మీద మొదటి అనుమానం పెట్టుకోండి. ఎండోటాక్సిన్ కొలిచే ఎల్‌ఏఎల్ కిట్‌తో ఒక్కో ద్రావణం విడిగా చూస్తే దొంగ రెండు రోజుల్లో దొరుకుతాడు.

అమిలాయిడ్ బీటా, ఆల్ఫా-సిన్యూక్లీన్ లాంటి ప్రోటీన్లతో మైక్రోగ్లియాని లేపాలనుకునేవాళ్లు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలి. ఈ. కోలిలో తయారైన ప్రోటీన్ అంటే ఎల్‌పీఎస్ వెంట వచ్చే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మామూలుగా చెప్పే కంట్రోల్ ప్రోటీన్‌ని మరిగించడం. ప్రోటీన్ చెడుతుంది, ఎల్‌పీఎస్ మిగులుతుంది, కాబట్టి మరిగించాక కూడా కణాలు రేగితే తప్పు ఎల్‌పీఎస్‌దే అని వాదన. ఆల్ఫా-సిన్యూక్లీన్ మోనోమర్‌కి ఇది పనికిరాదు. అది మరిగించినా చెడదు, శుద్ధి చేసే పద్ధతుల్లో మరిగించడం ఒక మెట్టు. దానికి ఎల్‌ఏఎల్ కొలతతో పాటు, ఆ కొలతలో వచ్చినంత శుద్ధ ఎల్‌పీఎస్‌నే విడిగా పోసిన వెల్ ఒకటి పెట్టండి. ఎల్‌పీఎస్‌ని పట్టి ఆపే పాలీమిక్సిన్ బీ కంట్రోల్ కూడా మంచిదే కానీ అది లిపోప్రోటీన్లను ఆపదు.

ఎల్‌పీఎస్ పోయడం

అల్ట్రాప్యూర్ రకం కొనండి. మామూలు రకంలో కలిసిన లిపోప్రోటీన్లు టీఎల్‌ఆర్2ని కూడా లేపుతాయి, అప్పుడు మీ టీఎల్‌ఆర్4 నిరోధకం సగమే పనిచేసినట్టు కనిపిస్తుంది. 1 మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము చొప్పున స్టాక్ చేసి చిన్న చిన్న గొట్టాల్లో పంచుకోండి. ఎల్‌పీఎస్ ప్లాస్టిక్ గోడలకు అంటుకుంటుంది, గుంపులు కడుతుంది. వాడే ముందు ఒక నిమిషం వోర్టెక్స్ చేసి తీరాలి. మళ్లీ మళ్లీ గడ్డకట్టించి కరిగించిన గొట్టం పారేయండి.

10 మైక్రోలీటర్ల స్టాక్‌ని 990 మైక్రోలీటర్ల మీడియంలో కలపండి. అందులో 100 తీసి 900లో కలిపితే మిల్లీలీటరుకి 1 మైక్రోగ్రాము. ఇది పది రెట్ల ద్రావణం. 900 మైక్రోలీటర్లున్న వెల్‌లో దీన్ని 100 పోస్తే చివరికి మిల్లీలీటరుకి 100 నానోగ్రాములు. ఇలా చుట్టూ తిరగడానికి కారణం ఉంది. ఎల్‌పీఎస్ కలిపిన తాజా మీడియంతో పాత మీడియం మార్చేస్తే తాజా సీరం ఒక్కటే ఈఆర్‌కేని లేపుతుంది. పాతదాన్ని అలాగే ఉంచి కొంచెం కలపాలి. సున్నా వెల్‌లో కూడా ఎల్‌పీఎస్ లేని అదే మీడియం 100 మైక్రోలీటర్లు పోయాలి. పూర్తిగా సీరం లేకుండా చేస్తే ఎల్‌బీపీ ఉండదు, సంకేతం బలహీనపడుతుంది. 1 శాతం దాకా తగ్గించుకోవచ్చు.

సమయాలు 0, 5, 15, 30, 60, 120 నిమిషాలు. ఒక్కో వెల్‌ని ఒక్కో సమయంలో కోయకండి, ఎల్‌పీఎస్ పోసే సమయాల్ని వెనక్కి లెక్కించండి. గడియారం మొదలవగానే 120 నిమిషాల వెల్‌లో పోయండి. 60వ నిమిషంలో 60 వెల్‌లో, 90లో 30 వెల్‌లో, 105లో 15 వెల్‌లో, 115లో 5 వెల్‌లో పోస్తే, 120 కొట్టగానే ప్లేట్ మొత్తాన్ని ఒకేసారి ఐస్ మీద పెట్టొచ్చు. ఇంక్యుబేటర్ తలుపు తీసిన ప్రతిసారీ వెల్స్ అన్నీ ఒకే చలిని భరిస్తాయి. ముందే చల్లబరచని పీబీఎస్‌తో కడిగితే ఆ అర నిమిషంలో ఫాస్ఫేట్‌ని ఊడదీసే ఫాస్ఫటేజ్‌లు తమ పని చేసుకుపోతాయి.

లైసిస్, బ్లాట్

3 లక్షల మైక్రోగ్లియా నుంచి వచ్చే ప్రోటీన్ తక్కువ. వెల్‌కి 60 నుంచి 80 మైక్రోలీటర్లకు మించి రిపా (కణాల్ని పగలగొట్టే బఫర్) పోయకండి, లేకపోతే లేన్‌కి 10 నుంచి 15 మైక్రోగ్రాములు లోడ్ చేయడానికి జెల్‌లోని గుంట చాలదు. బఫర్‌లో ప్రోటియేజ్ నిరోధకాలతో పాటు ఫాస్ఫటేజ్‌లను ఆపడానికి 10 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడ్, 1 మిల్లీమోలార్ సోడియం ఆర్థోవనడేట్ ఉండాలి. వనడేట్‌ని పొడి కరిగించి అలాగే వేస్తే ఉపయోగం తక్కువ. పీహెచ్ 10కి తెచ్చి, పసుపు రంగు పోయేదాకా మరిగించి, చల్లారాక మళ్లీ పీహెచ్ 10కి సరిచేసి, ఇంకోసారి మరిగించాలి. రంగు తిరిగి రానప్పుడే అది సిద్ధం. బఫర్‌లో ఈడీటీఏ, డీటీటీ ఉంటే ఆ వనడేట్ పని చెడిపోతుంది.

తొందరగా కావాలంటే వేడి ఎస్‌డీఎస్ శాంపిల్ బఫర్‌ని నేరుగా వెల్‌లో పోసి గీకి, 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచండి. ప్రోటీన్ కొలవడం కష్టమవుతుంది కానీ ఫాస్ఫేట్ నిలబడటంలో దీన్ని మించింది లేదు.

ఫాస్ఫో యాంటీబాడీలకు 5 శాతం బీఎస్‌ఏతో బ్లాక్ చేయండి. పాలల్లో కేసీన్ ఉంటుంది, కేసీన్ స్వతహాగా ఫాస్ఫోప్రోటీన్, కొన్ని యాంటీబాడీలకు వెనక మసక తెస్తుంది. పీ65 ఫాస్ఫోని (536వ సెరీన్) మొత్తం పీ65తో భాగించాలి, యాక్టిన్‌తో కాదు. పొరను స్ట్రిప్ చేసి మళ్లీ వాడే బదులు రెండు జెల్‌లు పక్కపక్కన నడపండి. మే నెలలో హైదరాబాద్‌కో విజయవాడకో వచ్చిన యాంటీబాడీ పార్సిల్ తెరిచినప్పుడు ఐస్ ప్యాక్ కరిగి గోరువెచ్చగా ఉంటే, ముందు పాత శాంపిల్ మీద పరీక్షించి తర్వాతే అసలు శాంపిల్‌కి వెళ్లండి.

పీ65 కేంద్రకంలోకి వెళ్లడాన్ని కంటితో చూడాలంటే 30వ నిమిషం దగ్గర 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో 10 నిమిషాలు ఫిక్స్ చేసి, 0.2 శాతం ట్రైటాన్ పట్టించి, యాంటీబాడీతో రాత్రంతా ఉంచండి. కేంద్రకం వెలుగుని సైటోప్లాజం వెలుగుతో భాగించండి. ఒక మోసం ఉంది. రేగిన కణం గుండ్రంగా ఉబ్బితే కేంద్రకం మీద పరుచుకున్న సైటోప్లాజం వెలుగు కూడా కేంద్రకం ఖాతాలో పడుతుంది. కన్‌ఫోకల్‌లో ఒక్క పలుచటి పొర తీస్తే ఆ తప్పు పోతుంది.

ఎన్‌ఎల్‌ఆర్‌పీ3: రెండు తాళాలు

ఐఎల్-1 బీటా బయటికి రావాలంటే రెండు అడుగులు. మొదటిది ఎన్‌ఎఫ్-కప్పాబీ దారిలో ప్రో-ఐఎల్-1 బీటా, ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 తయారవడం. రెండోది కణం నుంచి పొటాషియం కారిపోవడం. అప్పుడు ఎన్‌ఎల్‌ఆర్‌పీ3, నెక్7, ఏఎస్‌సీ గుమిగూడి కాస్పేస్-1ని నిద్రలేపుతాయి. అది ప్రో రూపాన్ని కోసి 17 కిలోడాల్టన్ల ముక్క చేస్తుంది, గాస్‌డెర్మిన్ డీని కూడా కోస్తుంది. ఆ ముక్కలు పొరకు రంధ్రాలు పెడతాయి.

సీరం ఉన్న మీడియంలో 3 గంటలు ఎల్‌పీఎస్. తర్వాత ఒకసారి కడిగి సీరం లేని 475 మైక్రోలీటర్ల మీడియం పోయండి. ఆపైన 100 మిల్లీమోలార్ ఏటీపీ 25 మైక్రోలీటర్లు, అంటే చివరికి 5 మిల్లీమోలార్. 30 నుంచి 45 నిమిషాలు. ఏటీపీ బదులు నైజెరిసిన్ అయితే 10 మైక్రోమోలార్, 45 నిమిషాలు.

ఈ ఏటీపీ దగ్గర జాగ్రత్త. డైసోడియం ఏటీపీని మిల్లీలీటరు నీటిలో సుమారు 55 మిల్లీగ్రాములు కరిగిస్తే 100 మిల్లీమోలార్ వస్తుంది, కానీ అది పుల్లటి ద్రావణం. సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలతో పీహెచ్ 7.4కి తేవాలి. తేకపోతే పోసిన వెంటనే ఫినాల్ రెడ్ పసుపుగా మారుతుంది. ఆ రంగు కనిపించిందంటే మీరు చూస్తున్నది ఆమ్లం ప్రభావం, ఏటీపీ గ్రాహకమైన పీ2ఎక్స్7 ప్రభావం కాదు. చిన్న గొట్టాల్లో గడ్డకట్టించి, ఒకసారి కరిగించింది మళ్లీ పెట్టకండి.

సీరం తీసేయడానికి కారణం బ్లాట్. మీడియంలోని ఆల్బుమిన్ ముద్దగా వచ్చి జెల్‌ని చెడగొడుతుంది. పైద్రవం 500 మైక్రోలీటర్లకు 500 మెథనాల్, 125 క్లోరోఫాం వేసి గట్టిగా వోర్టెక్స్ చేసి 13,000 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పండి. రెండు పొరల మధ్య తెల్లటి రేకులా ప్రోటీన్ తేలుతుంది. పై పొర మాత్రమే తీసి, మళ్లీ 500 మెథనాల్ పోసి తిప్పి, ఆరబెట్టి శాంపిల్ బఫర్‌లో కలపండి. మొదటిసారి చేసేవాళ్లు ఆ రేకుని పైపెట్‌తో పీల్చేస్తారు. 17 కిలోడాల్టన్ల ముక్క చిన్నది కాబట్టి 15 శాతం జెల్, 0.2 మైక్రాన్ల పీవీడీఎఫ్ వాడాలి. 0.45 పొరలోంచి అది అవతలికి జారిపోతుంది.

ఐఎల్-1 బీటా కొలవడానికి ఎలైసా ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. చాలా కిట్లు చచ్చిన కణాల నుంచి కారిన ప్రో రూపాన్ని కూడా లెక్కేస్తాయి. చచ్చిన కణాల నుంచి కారే ఎల్‌డీహెచ్ ఎంజైము కొలత తోడు ఉండాలి. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 నిరోధకం ఎమ్‌సీసీ950 వాడితే 1 మైక్రోమోలార్, ప్రైమింగ్ (3 గంటల ఎల్‌పీఎస్ అడుగు) అయ్యాక, ఏటీపీకి 30 నిమిషాల ముందు పోయండి. ఎల్‌పీఎస్‌కి ముందే పోస్తే మొదటి అడుగు ఆగిందా రెండోదా అని తేల్చలేరు. అదే పైద్రవంలో టీఎన్‌ఎఫ్ కొలవండి, అది మొదటి అడుగుతోనే వచ్చే సైటోకైన్. ఐఎల్-1 బీటా పడిపోయి టీఎన్‌ఎఫ్ పడిపోకపోతే మందు సరైన చోట తగిలినట్టు. టీఎల్‌ఆర్4 మెట్టు ఆపాలంటే టాక్-242, 1 మైక్రోమోలార్, ఎల్‌పీఎస్‌కి గంట ముందు. బే 11-7082ని మాత్రం ఐకేకే నిరోధకం అని చెప్పుకుని వాడకండి. అది చాలా ఎంజైములకు గట్టిగా అంటుకుంటుంది. డీఎమ్‌ఎస్‌ఓ అన్ని వెల్స్‌లోనూ ఒకే శాతం, 0.1 దాటకూడదు.

బ్లాట్ చూసి తప్పు పట్టుకోవడం

అన్ని లేన్లలో ఫాస్ఫో-పీ38 సమానంగా నల్లగా ఉంటే మీరు మీడియం మార్చారు, లేదా ప్లేట్‌ని బల్లమీద ఎక్కువసేపు ఉంచారు. 15 నిమిషాల దగ్గర ఐకప్పాబీ తగ్గకపోతే ఎల్‌పీఎస్ గొట్టానికి అంటుకుపోయింది, లేదా సీరం లేదు, లేదా ఆ కణాలు ఇప్పటికే ఒకసారి ఎల్‌పీఎస్ చూసి సహనం తెచ్చుకున్నాయి. మూడోదే అయితే టీఎన్‌ఎఫ్ కూడా ఊహించినదాని కంటే చాలా తక్కువ వస్తుంది. అప్పుడు మళ్లీ పీబీఎస్ సీసా దగ్గరికే వెళ్లాలి.

ఆర్‌ఎన్‌ఏ కొలిచే క్యూపీసీఆర్‌లో టీఎన్‌ఎఫ్ 1 నుంచి 2 గంటల్లో, ఐఎల్-1 బీటా, ఐఎల్-6 4 నుంచి 6 గంటల్లో శిఖరానికి వస్తాయి. గాప్‌డీహెచ్ ఒక్కదాన్నే ఆధారం చేసుకోకండి. అది గ్లైకాలిసిస్ ఎంజైము, రేగిన కణాల్లో గ్లైకాలిసిస్ పెరుగుతుంది కాబట్టి అది కూడా కదిలిపోవచ్చు. నైట్రైట్‌ని గ్రీస్ పద్ధతితో 24 గంటలకు కొలిచేటప్పుడు ఎలుక కణాలకు చేసినట్టే మానవ మైక్రోగ్లియాకి చేస్తే దాదాపు ఏమీ రాదు. తప్పు మీది కాదు, మానవ కణాలు ఎల్‌పీఎస్‌కి నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైముని పెద్దగా చేయవు.

రేగిన కణాలకు ఎమ్1 (చెడ్డవి), ఎమ్2 (మంచివి) అని పేర్లు పెట్టే అలవాటు మానేయడం మంచిది. 2022లో న్యూరాన్ పత్రికలో మైక్రోగ్లియా పరిశోధకుల పెద్ద బృందం అదే కోరింది. ఏ ప్రోటీన్, ఏ నిమిషం, ఎంత పెరిగిందో రాస్తే చాలు.

ఇక ఎన్ని సార్లు చేయాలి అన్నది. ఒకే ఫ్లాస్క్ నుంచి వచ్చిన మూడు వెల్స్ మూడు ప్రయోగాలు కావు, అది ఒక్కటే. వేర్వేరు ఈతల పిల్లల నుంచి మూడు విడి కల్చర్లు కావాలి. ప్రతిదాని పక్కన ఎఫ్‌బీఎస్ లాట్ నంబర్, ఎల్‌పీఎస్ లాట్ నంబర్, కోత తేదీ రాసుకోండి. మూడో కల్చర్‌లో సున్నా లేన్ ఉన్నట్టుండి నల్లబడితే ముందు వెతకాల్సింది ఆ వరసలోనే.